కడియం - ఢిల్లీ ప్రయాణ దూరము, విమాన కాలము

కడియం, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, తూర్పు గోదావరి జిల్లాకు చెందిన ఒక గ్రామము, అదే పేరుగల మండలమునకు కేంద్రము. పూలతోటలకు, మొక్కల నర్సరీలకు ఈ ప్రాంతము దేశమంతటా ప్రసిద్ధి చెందినది. ఇక్కడినుండి దేశ రాజధాని ఢిల్లీకి గల దూరము ఆకాశ మార్గమున సుమారు 1,360 కి.మీ., రైలు మార్గమున సుమారు 1,900 కి.మీ., రోడ్డు మార్గమున హైదరాబాదు, నాగపూరుల మీదుగా సుమారు 2,000 కి.మీ. కడియంలో విమానాశ్రయము లేదు. దగ్గరలోనిది రాజమండ్రి (రాజమహేంద్రవరం) నగరమునకు ఉత్తరమున ఉన్న మధురపూడి విమానాశ్రయము. అక్కడినుండి ఢిల్లీకి నేరు విమానములో ప్రయాణ కాలము సుమారు రెండుంబావు గంటల నుండి రెండున్నర గంటల వరకు ఉంటుంది.

"కడియం నుండి ఢిల్లీ ఎంత దూరము?" అనే ప్రశ్నకు ఒకే అంకెతో సమాధానము చెప్పుట కుదరదు. ప్రయాణము చేయునది మనిషా, పూలబుట్టా, మట్టితో కూడిన మొక్కా అనే దానిని బట్టి మార్గము మారుతుంది, మార్గమును బట్టి దూరము, కాలము మారుతాయి. ఈ వ్యాసములో ఆయా మార్గముల వివరములు, దూరమును లెక్కకట్టే విధానము ఇవ్వబడినవి.

కడియం ఉనికి

కడియం సుమారు 16.92 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 81.83 డిగ్రీల తూర్పు రేఖాంశముల వద్ద, గోదావరి నదికి ఎడమ గట్టు వైపున, తూర్పు డెల్టా ప్రాంతములో ఉన్నది. ఎగువన ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847 - 1852 మధ్య నిర్మించిన ఆనకట్ట నుండి వచ్చే కాలువ నీరు, నది తెచ్చిన ఒండ్రుమట్టి, సముద్రతీరపు తేమగాలి - ఈ మూడూ కలిసి ఇక్కడ మొక్కల పెంపకమునకు అనువైన పరిస్థితిని కల్పించినవి. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం, పొట్టిలంక, జేగురుపాడు మొదలగు గ్రామములలో నర్సరీలు వరుసగా కనిపిస్తాయి. కడియపులంకలో పూల మార్కెట్టు కలదు. ఇక్కడి మొక్కలు ఆంధ్ర, తెలంగాణలకే గాక ఉత్తర భారత దేశమునకు కూడా ఎగుమతి అవుతాయి. అందువలన ఢిల్లీ దూరము ఈ ఊరివారికి కేవలము ప్రయాణికుల విషయము కాదు, వ్యాపార విషయము కూడా.

ఆకాశ దూరమును లెక్కించుట

భూమి గుండ్రముగా ఉండుటచే రెండు ప్రదేశముల మధ్య అతి తక్కువ దూరము భూగోళము మీద గీసిన మహావృత్తపు చాపము వెంట ఉంటుంది. దీనినే ఆకాశ దూరము లేదా గగనతల దూరము అంటారు. అంతర్జాలములో దూరములు చూపే పట్టికలు చాలావరకు ఈ దూరమునే చూపుతాయి. కచ్చితమైన లెక్కకు గోళీయ త్రికోణమితి అవసరము. అయినప్పటికీ ఇంత దూరమునకు ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా పైథాగరస్ సిద్ధాంతముతో దగ్గరి విలువను రాబట్టవచ్చును.

మధురపూడి విమానాశ్రయము 17.11 ఉ., 81.82 తూ. వద్ద, ఢిల్లీ ఇందిరా గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము 28.57 ఉ., 77.10 తూ. వద్ద ఉన్నవి.

* అక్షాంశ భేదము 11.46 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి సుమారు 111 కి.మీ. చొప్పున ఉత్తర దిశగా 1,272 కి.మీ.
* రేఖాంశ భేదము 4.72 డిగ్రీలు. రేఖాంశ రేఖలు ధ్రువముల వైపు పోనుపోను దగ్గరగును గనుక సగటు అక్షాంశపు (సుమారు 22.8 డిగ్రీలు) కొసైను విలువ 0.92 చేత గుణించవలెను. 4.72 × 111 × 0.92 = 482 కి.మీ. పడమర దిశగా.
* 1,272 వర్గమును, 482 వర్గమును కూడి వర్గమూలము తీసినచో సుమారు 1,360 కి.మీ. వచ్చును.

దీనిని బట్టి ఢిల్లీ కడియమునకు నేరుగా ఉత్తరమున లేదని, ఉత్తరము నుండి సుమారు 20 డిగ్రీలు పడమరకు ఒరిగి ఉన్నదని తెలుస్తుంది. ఇదే పద్ధతిలో విశాఖపట్నము విమానాశ్రయము నుండి లెక్కించినను ఢిల్లీకి దాదాపు 1,360 కి.మీ. వచ్చును. విశాఖ ఉత్తరమునకు జరిగిన మేరకు తూర్పునకు కూడా జరిగి ఉండుటయే దీనికి కారణము. విజయవాడ దగ్గరి గన్నవరము నుండి సుమారు 1,390 కి.మీ. కాబట్టి ఈ మూడు విమానాశ్రయములలో దేనినుండి బయలుదేరినను ఆకాశములో గడిపే సమయము ఇంచుమించు సమానమే. తేడా అంతా కడియం నుండి ఆ విమానాశ్రయమును చేరుకొనుటలో ఉన్నది. మధురపూడికి సుమారు 30 కి.మీ., గన్నవరమునకు సుమారు 150 కి.మీ., విశాఖకు సుమారు 200 కి.మీ. రోడ్డు ప్రయాణము చేయవలెను.

రైలు మార్గము

కడియంలో రైల్వే స్టేషను కలదు. ఇది విజయవాడ - విశాఖపట్నము ప్రధాన మార్గములో రాజమండ్రి, ద్వారపూడి స్టేషన్ల మధ్య ఉన్నది. ఢిల్లీ వెళ్ళే వేగవంతమైన రైళ్ళు ఇక్కడ ఆగవు గనుక ప్రయాణికులు రాజమండ్రి వెళ్ళి ఎక్కుతారు. 2015 ఆగస్టులో మొదలయిన విశాఖపట్నము - కొత్త ఢిల్లీ ఆంధ్ర ప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ వీటిలో ముఖ్యమైనది.

రైలు దూరము ఆకాశ దూరము కంటె సుమారు 540 కి.మీ. ఎక్కువ. ఢిల్లీ ఉత్తరమున ఉండగా రైలు మొదట నైరుతి దిశగా సుమారు 150 కి.మీ. విజయవాడకు పోయి, అక్కడ ఉత్తరమునకు తిరుగుటయే దీనికి ప్రధాన కారణము. అటుపిమ్మట ఖమ్మం, వరంగల్లు, బల్లార్షా, నాగపూరు, ఇటార్సీ, భోపాలు, ఝాన్సీ, ఆగ్రాల మీదుగా ఢిల్లీ చేరుతుంది. ప్రయాణ కాలము సుమారు 30 నుండి 33 గంటలు.

ఈ మార్గము ఒక్కనాటిలో ఏర్పడినది కాదు. తీరము వెంబడి విశాఖ (వాల్తేరు) - బెజవాడ రైలు మార్గము 1893 - 1896 మధ్య వచ్చినను గోదావరిపై వంతెన లేనందున రాజమండ్రి, కొవ్వూరుల మధ్య నదిని పడవ మీద దాటవలసి వచ్చేది. హేవలాక్ వంతెన 1900 సంవత్సరములో పూర్తియైన పిదప రైలు నదిని దాటసాగినది. ఆ వంతెన 1997 వరకు సేవలందించినది. 1974లో రోడ్డు కం రైలు వంతెన, 1997లో ఆర్చి వంతెన అందుబాటులోకి వచ్చినవి. బెజవాడ నుండి ఉత్తరమునకు నేరు దారి 1929లో కాజీపేట - బల్లార్షా మార్గము పూర్తియగుటతో ఏర్పడినది. అంతకు పూర్వము గోదావరి జిల్లాల వారు సికింద్రాబాదు, వాడి మీదుగా పడమరకు పోయి, అక్కడినుండి ఉత్తరాదికి చుట్టు తిరిగి వెళ్ళవలసి వచ్చేది. భూమి మీద ఊళ్ళు కదలకపోయినను, ఒక కొత్త మార్గము వేయుట వలన ప్రయాణ దూరము తగ్గుతుందనుటకు ఇది మంచి ఉదాహరణము.

రోడ్డు మార్గము

కడియపులంక, వేమగిరి గ్రామములు పూర్వపు 5వ నంబరు జాతీయ రహదారి (కలకత్తా - చెన్నై మార్గము) మీద ఉన్నవి. నర్సరీలు ఈ రహదారికి ఇరుప్రక్కల విస్తరించుటకు రవాణా సౌకర్యము ఒక ముఖ్య కారణము. ఇక్కడ బయలుదేరిన లారీ జొన్నాడ - రావులపాలెం మధ్య గౌతమీ పాయను, సిద్ధాంతం వద్ద వసిష్ఠ పాయను దాటి తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరుల మీదుగా విజయవాడ చేరవచ్చును. రైలు అఖండ గోదావరిని రాజమండ్రి వద్ద ఒక్కసారి దాటగా, ఈ పాత రహదారి చీలిన నదిని రెండుసార్లు దాటుతుంది.

విజయవాడ నుండి హైదరాబాదు, అక్కడినుండి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆదిలాబాదు, నాగపూరు, సాగర్, ఝాన్సీ, గ్వాలియరు, ఆగ్రాల మీదుగా ఢిల్లీ చేరవచ్చును. బరువుతో ఉన్న లారీ రోజుకు 500 - 600 కి.మీ. నడచినచో ఈ ప్రయాణమునకు మూడున్నర నుండి నాలుగు రోజులు పట్టును. ఇద్దరు డ్రైవర్లు మారి మారి నడిపినచో ఈ కాలము కొంత తగ్గును.

విమాన మార్గము

మధురపూడి విమానాశ్రయము బ్రిటిషు వారి కాలములో ఏర్పడినది. దీని రన్‌వే పొడవు చాలాకాలము 1,750 మీటర్లు మాత్రమే. అందువలన ఏటీఆర్ 72 వంటి చిన్న, పంకాల విమానములు మాత్రమే ఇక్కడ దిగగలిగేవి. ఇవి సుమారు 70 మందిని మోసుకొని, గంటకు సుమారు 500 కి.మీ. వేగముతో పోతాయి. హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు వంటి దగ్గరి నగరములకు ఇవి సరిపోతాయి గాని ఢిల్లీ వంటి దూర నగరమునకు అనువైనవి కావు. రన్‌వేను 3,165 మీటర్లకు పొడిగించిన తరువాత ఎయిర్‌బస్ ఏ320 తరగతి జెట్ విమానములు దిగుటకు వీలు కలిగినది. 2024 డిసెంబరులో ఇండిగో సంస్థ రాజమండ్రి నుండి ముంబాయికి, ఢిల్లీకి నేరు విమానములను ప్రారంభించినది.

అంతకు పూర్వము ఢిల్లీ వెళ్ళదలచినవారు సాధారణముగా హైదరాబాదులో విమానము మారేవారు. రాజమండ్రి నుండి శంషాబాదుకు ఆకాశ దూరము సుమారు 360 కి.మీ., అక్కడినుండి ఢిల్లీకి సుమారు 1,270 కి.మీ., మొత్తము 1,630 కి.మీ. నేరు విమానము వలన తగ్గిన దూరము 270 కి.మీ. మాత్రమే. జెట్ విమానమునకు ఇది ఇరవై నిమిషముల పని. అయితే రెండవ విమానము కొరకు హైదరాబాదులో వేచియుండుట, రెండుసార్లు ఎక్కి దిగుట తప్పినందువలన ప్రయాణికునకు కలిసివచ్చిన సమయము గంటల లెక్కలో ఉంటుంది.

విమాన కాలము

ఏ320 వంటి విమానము ఎత్తున స్థిరముగా పోవునపుడు దాని వేగము గంటకు సుమారు 830 కి.మీ. ఈ వేగముతో 1,360 కి.మీ. పోవుటకు ఒక గంట 38 నిమిషములు చాలును. కాని కాలపట్టికలో అంతకంటె ఎక్కువ సమయము చూపుతారు. దానికి కారణములు:

* విమానము నేలపై రన్‌వే వరకు నడచుటకు, దిగిన పిమ్మట నిలిచే చోటికి చేరుటకు పట్టు సమయము కూడా కాలపట్టికలో కలిసి ఉంటుంది. ఢిల్లీ వంటి పెద్ద విమానాశ్రయములో ఇది తక్కువేమీ కాదు.
* పైకి ఎక్కునపుడు, దిగునపుడు వేగము తక్కువగా ఉంటుంది.
* విమానములు మహావృత్తము వెంట కచ్చితముగా పోవు. నిర్ణయించిన వాయుమార్గముల వెంట, దిగుటకు తమ వంతు వచ్చువరకు కొంత చుట్టు తిరిగి పోతాయి.

అంతర్జాలములోని దూర పట్టికలు సాధారణముగా ఆకాశ దూరమును గంటకు 800 కి.మీ. వంటి ఒక స్థిర వేగముతో భాగించి, ఎక్కి దిగుటకు అరగంట కలిపి విమాన కాలమును చూపుతాయి. ఆ లెక్కన ఇక్కడ 2 గంటల 12 నిమిషములు వచ్చును. ఇది అంచనా మాత్రమేనని, ఆ రెండు ఊళ్ళ మధ్య విమానము నడుచుచున్నదనుటకు అది సాక్ష్యము కాదని విద్యార్థులు గమనించవలెను. 2024 డిసెంబరుకు ముందు కూడా అటువంటి పట్టికలో రాజమండ్రి - ఢిల్లీ విమాన కాలము ఇదే విధముగా వచ్చేది, నేరు విమానము మాత్రము లేదు.

గాలి, పొగమంచుల ప్రభావము

శీతాకాలములో ఉత్తర భారతము మీదుగా చాలా ఎత్తున పడమర నుండి తూర్పునకు వేగమైన గాలి వీస్తుంది. దీనిని జెట్ ప్రవాహము అంటారు. ఢిల్లీ వైపు పోవు విమానము వాయవ్యమునకు ఒరిగి పోవుటచే ఈ గాలిలో కొంతభాగము దానికి ఎదురుగాలి యగును. ఉదాహరణకు పడమటి గాలి వేగము గంటకు 150 కి.మీ. అయినచో అందులో సుమారు 50 కి.మీ. విమాన వేగమునకు అడ్డుపడును. తిరుగు ప్రయాణములో అదే గాలి తోడ్పడును. అందువలన శీతాకాలములో పోవుటకంటె వచ్చుటకు కొద్ది నిమిషములు తక్కువ పట్టవచ్చును.

గాలికంటె పెద్ద ఆటంకము పొగమంచు. డిసెంబరు, జనవరి నెలలలో ఢిల్లీలో తెల్లవారుజామున దట్టమైన పొగమంచు కమ్మి విమానములు గంటల కొలది ఆలస్యమగుట కద్దు. చలికాలపు ఉదయములలో గోదావరి తీరమున కూడా మంచు పడును. పరీక్షలకు, ఇంటర్వ్యూలకు, ఆసుపత్రి పనిమీద ఢిల్లీ పోవువారు ఈ నెలలలో ఒకరోజు ముందుగా చేరునట్లు ఏర్పాటు చేసికొనుట మంచిది.

ఇంటి నుండి గమ్యము వరకు

విమాన కాలము ప్రయాణ కాలములో ఒక భాగము మాత్రమే. కడియం నుండి మధురపూడికి సుమారు ఒక గంట, విమానాశ్రయములో తనిఖీలకు, వేచియుండుటకు సుమారు రెండు గంటలు, విమానములో సుమారు రెండున్నర గంటలు, ఢిల్లీలో సామాను తీసికొని నగరము లోనికి పోవుటకు గంట నుండి గంటన్నర - వెరసి ఆరున్నర నుండి ఏడు గంటలు. ఆకాశములో గడిపిన కాలము ఇందులో సగము కూడా లేదు. అయినను రైలు ప్రయాణపు 30 గంటలతో పోల్చినపుడు ఇది చాలా తక్కువ. రైలులో పోయి వచ్చుటకు రానుపోను కనీసము రెండున్నర రోజులు దారిలోనే గడచును. ఒక్కరోజు కూలి పోయినను ఇబ్బంది పడే కుటుంబమునకు ఈ లెక్క ముఖ్యమైనదే. అయితే విమానపు టికెట్టు ధర రోజురోజుకు మారును. రైలు స్లీపరు తరగతి ఛార్జీ నిర్ణీతమైనది, విమానపు ధరలో కొద్ది భాగము మాత్రమే. కనుక కాలమును, ధనమును రెంటినీ తూచి మార్గమును ఎంచుకొనవలసి ఉంటుంది.

మొక్కల ప్రయాణము

మనిషికి ఢిల్లీ ఏడు గంటల దూరమునకు వచ్చినను కడియం మొక్కకు మాత్రము అది మునుపటి దూరములోనే ఉన్నది. దీనికి కారణము బరువు. నర్సరీ మొక్క వేళ్ళచుట్టూ తడిమట్టితో, పాలిథీన్ సంచిలోనో కుండీలోనో ఉండవలెను. దేశీయ విమానములలో ఒక ప్రయాణికుని సామానుకు సాధారణముగా ఉండే పరిమితి 15 కిలోలు. పది కిలోల కుండీ ఒక్కటి పెట్టినచో ఆ పరిమితి ఇంచుమించు నిండిపోవును. సరకుగా పంపినను కిలోల లెక్కన రుసుము చెల్లించవలెను గనుక మట్టికే ఎక్కువ ఖర్చగును. టన్నుల కొలది మొక్కలను ఒక్కసారిగా మోయగలిగినది లారీయే.

కోసిన పూల విషయము వేరు. వాటికి మట్టి లేదు, బరువు తక్కువ, కాని ఆయుష్షు కూడా తక్కువ. మల్లె వంటి పూలు నాలుగు రోజుల లారీ ప్రయాణమునకు తాళలేవు. కనుక విమానము వలన నిజముగా దూరము తగ్గే సరకు పూలు, విత్తనములు, కొమ్మముక్కలు వంటి తేలికపాటివి.

లారీలో పోవు మొక్కకు నాలుగు రోజుల ప్రయాణము పరీక్ష వంటిది. వేరు నీటిని గ్రహించుట కంటె ఆకు నుండి నీరు ఆవిరి యగుట ఎక్కువైనచో మొక్క వాడిపోవును. నడుచు లారీ మీది గాలి ఈ ఆవిరిని పెంచును. అందుకై ఎగుమతికి ముందు మట్టిని బాగా తడుపుతారు, అవసరమైన చోట ఆకులను, లేత కొమ్మలను కత్తిరిస్తారు, పైన టార్పాలిన్ గాని నీడ వల గాని కప్పుతారు. మట్టికి బదులు కొబ్బరిపీచు పొట్టు వాడినచో బరువు తగ్గి, తేమ నిలుచును. మే నెలలో ఈ దారి విదర్భ ప్రాంతమును దాటవలెను. అక్కడ నాగపూరు పరిసరములలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటుట కలదు. లారీ దారిలో ఒక్కరోజు నిలిచిపోయినను లేత మొక్కలు చనిపోవచ్చును. వర్షాకాలములో రవాణాకు మొక్కలు బాగుగా తట్టుకొనుటకు గాలిలోని తేమయే కారణము.

కాలమానము, వాతావరణ భేదము

భారత ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశము కాకినాడకు సమీపముగా పోవును. కడియం ఆ రేఖకు కొద్దిగా పడమరన ఉన్నందున ఇక్కడి సూర్యకాలమునకు, గడియారపు కాలమునకు సగటున సుమారు మూడు నిమిషముల భేదము మాత్రమే ఉన్నది. ఢిల్లీలో సూర్యుడు నడినెత్తికి చేరుట కడియం కంటె సుమారు 19 నిమిషములు ఆలస్యము. దేశమంతటికీ ఒకే కాలమానము ఉండుటచే ప్రయాణికుడు గడియారము మార్చనక్కరలేదు. టికెట్టుపై ఉన్న చేరు సమయము నుండి బయలుదేరు సమయమును తీసివేసినచో ప్రయాణ కాలము నేరుగా వచ్చును. విదేశీ ప్రయాణములలో ఈ తీసివేత చేయుటకు ముందు రెండు దేశముల కాలభేదమును సరిచూచుకొనవలెను.

అక్షాంశ భేదము సుమారు 11.6 డిగ్రీలు ఉండుటచే డిసెంబరు చివర ఢిల్లీలో పగలు కడియం కంటె సుమారు ముప్పావు గంట తక్కువ. చలి కూడా చాలా ఎక్కువ, రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు పడిపోవు రోజులు కలవు. కోస్తా వెచ్చదనమునకు, తేమకు అలవాటుపడిన మొక్క ఢిల్లీ చేరిన వెంటనే ఆరుబయట నాటినచో తట్టుకొనలేకపోవచ్చును. కొన్నాళ్ళు నీడలో ఉంచి, క్రమముగా ఎండకు, చలికి అలవాటు చేసి నాటవలెను. అనగా దారిలో గడచిన రోజులతోనే మొక్క ప్రయాణము ముగియదు. కొత్త నేలలో వేరు పట్టువరకు గల రోజులను కూడా కొనుగోలుదారు లెక్కలో చేర్చుకొనవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* కడియం
* రాజమండ్రి విమానాశ్రయము
* హేవలాక్ వంతెన
* ధవళేశ్వరం ఆనకట్ట
* అక్షాంశ రేఖాంశములు
* భారత ప్రామాణిక కాలము